తేలిన ఏగి గింజలు

ఇంతకు ముందు నేనేదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాక నా చేత్తో రాసినవల్లా గింజల కుండల మీద అంటించే చీటీలే. చెట్టు పేరు, ఏరిన నెల, ఏరిన మనిషి పేరు, అంతే. దేవప్ప స్వామి పోయి ఏడాది తిరిగింది. ఆయన ఎవరికి ఏం చెప్పినాడో ఎవరికి వాళ్ళు రాసి ఇవ్వండి, ఒక పుస్తకంగా కుట్టి పెట్టుకుందాం అని గుట్ట మీది వాళ్ళందరూ అన్నారు. తప్పించుకోలేక కూర్చున్నాను. ఈ కథలో నేనున్నాను. కానీ ‘నేను, నేను’ అని రాయబోతే చెయ్యి సాగలేదు. అందుకని నా పేరునే పరాయి మనిషి పేరులాగ పెట్టుకుని, కదిరమ్మ అని రాసుకుంటూ పోతాను. అట్లయితే దాచకుండా రాయగలను.

దేవప్ప స్వామిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాళ్ళ చేతికి ఒక పని ఇచ్చేవాడు. ఒకసారి అన్నదమ్ములిద్దరు పొలం గట్టు తగాదా పెట్టుకుని, మీరే తేల్చండి స్వామీ అని వచ్చారు. ఆయన ఒక పెద్ద బిందె నిండా నీళ్ళు నింపించి, చెరొక వైపు పట్టుకుని గుట్ట మీది మొక్కలకు పోసి రమ్మన్నాడు. దిగి వచ్చాక వాళ్ళు గట్టు మాట ఎత్తలేదు. మనసు మారిందని అందరూ చెప్పుకుంటారు గానీ, మాట్లాడే ఓపిక లేకపోయిందని వంట చేసే సాకమ్మ అవ్వ అంటుంది.

స్వామి పుట్టుకతో స్వామి కాదు. నడి వయసు దాకా గొర్రెలు కాచినవాడు. ఎర్రదొన గుట్ట ఒకప్పుడు పగలు కూడా వెలుతురు దిగని అడవిగా ఉండేదట. కట్టెలవాళ్ళు కొట్టినంత కొట్టారు, మిగిలిన ఇగుర్లను గొర్రెలు, మేకలు తిన్నాయి. “ఈ గుట్టను బోడి చేసినోళ్ళలో నేనూ ఒకణ్ణి” అని ఆయన ఎవరు వచ్చినా మొదట ఆ మాటే చెప్పేవాడు. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళకు జపం లేదు, మాల లేదు. ఆదివారం ఆదివారం చుట్టుపక్కల కొండల మీదికి పోయి, అక్కడక్కడా మిగిలిన పాత చెట్ల కింద గింజలు ఏరి తేవాలి. వాన పడినప్పుడు వాటిని గుట్ట మీద నాటాలి. తెచ్చిన గింజలను దాచడానికి గుట్ట అడుగున ఒక రాతి గది ఉంది. దాన్ని గింజల ఇల్లు అంటారు. చల్లగా, చీకటిగా ఉంటుంది. లోపల వరసగా కుండలు. బూడిద, వేపాకు కలిపి గింజలు పోసి, మూతి మీద గుడ్డ కట్టి, పైన పేడతో మెత్తుతారు.

ఆ గది తాళంచెవి కదిరమ్మ మొలలో ఉండేది. చీటీలు రాయడానికి అక్షరం గుండ్రంగా ఉన్న మనిషి కావాలని స్వామి ఆమెకు ఇచ్చాడు. కదిరమ్మ పదిమందిలో నోరు తెరిచేది కాదు. పెళ్ళిళ్ళకు పోతే గోడ వారన కూర్చుని, విస్తళ్ళు ఎత్తేటప్పుడు లేచేది. మొగుడు పోయాక బాగా ముడుచుకుపోయింది. అట్లాంటి మనిషికి తాళంచెవి వచ్చేసరికి, ఆదివారం ముప్పై మంది సంచులు పట్టుకుని తన ముందు నిలబడటం మొదలైంది. అక్కా ఇవి చూడు, వదినా ఇవి పనికొస్తాయా అని అడగడం మొదలైంది. లోకంలో తనకు ఒక చోటు ఉందని ఆమెకు మొదటిసారి తెలిసింది.

నీళ్ళ తొట్టి ఆలోచన కదిరమ్మదే. వాళ్ళ నాయన వడ్లు నారు పోయబోయే ముందు నీళ్ళలో పోసేవాడు. మునిగినవి గట్టి గింజలు, తేలినవి పొల్లు. తేలినవాటిని చేత్తో తోసి కోళ్ళకు వేసేవాడు. గుట్ట గింజలకూ అట్లే చేద్దామని సాకమ్మ అవ్వతో మెల్లగా చెప్పి, ఆమె చేత స్వామికి చెప్పించింది. స్వామి ‘కానియ్యండి’ అన్నాడు. రేల గింజలు, చండ్ర గింజలు, కుంకుడు గింజలు తొట్టిలో పోస్తే గట్టివి అడుగుకు పోయాయి, పుచ్చులు పైన తేలాయి. మునిగినవి బాగా మొలిచాయి. ఇంకేం, అది గుట్ట ఆచారమైపోయింది. పొద్దున తెచ్చినవి తొట్టిలో వేసి, అన్నాల వేళకు చూసేవాళ్ళు. ఎవరి సంచిలో మునిగిన గింజ ఎక్కువ ఉంటే ఆ వారం పంక్తిలో వాళ్ళకు మొదటి వడ్డన.

ఇంత వరకూ బాగానే ఉంది. తేడా వచ్చింది ఏగి దగ్గర.

ఏగి చెట్టు ఎరుగనివాళ్ళకు ఒక మాట. దాని మాను మీద గాటు పెడితే రక్తంలాంటి బంక కారుతుంది. దాని చెక్కతో గ్లాసులు చేసి, అందులో నీళ్ళు నానబెట్టి తాగితే సుగరు తగ్గుతుందని అమ్ముతారు. ఆ గ్లాసుల గిరాకీతోనే ఏగి ఊడ్చుకుపోయింది. తూర్పు చరియ మీద, మనిషి సులువుగా ఎక్కలేని చోట నాలుగు చెట్లు మిగిలాయి. కాయ చూడడానికి చిన్న అప్పడంలాగ ఉంటుంది. గుండ్రంగా, పల్చగా, చుట్టూ రెక్క, మధ్యలో బొడిపె. గింజ ఆ బొడిపెలో ఉంటుంది. స్వామికి ఏగి అంటే ప్రాణం. ఆయన చిన్నప్పుడు గుట్ట నెత్తిన ఏగి తోపు ఉండేదట. ఆ తోపు మళ్ళీ నిలబడితే చూసి పోవాలని ఉందమ్మా అని కదిరమ్మతో ఒకసారి అన్నాడు. వేరే ఏ కోరికా ఆయన నోట ఎవరూ వినలేదు.

మూడేళ్ళు ఏగి గింజలు ఏరారు, తేల్చారు, దాచారు, నాటారు. మూడేళ్ళలో ఒక్క మొలక రాలేదు. ఏగి మొండిది, దాని ఇష్టం వచ్చినప్పుడే మొలుస్తుంది అని తమకు తాము చెప్పుకున్నారు. మిగతావన్నీ మొలుస్తున్నాయి కాబట్టి తొట్టిని ఎవరూ అనుమానించలేదు.

ఏగి ఎక్కువ తెచ్చేది సుంకమ్మ. మేకలు మేపుకునే మనిషి, కదిరమ్మ కంటే పదేళ్ళు చిన్న. బడి గడప తొక్కలేదు. నోరు పెద్దది, కాళ్ళు చురుకు. చరియ మీదికి చెప్పులు విడిచి కోతిలాగ ఎక్కేది. కానీ ప్రతిసారీ ఒకటే తంతు. మిగతావాళ్ళు చరియ కింద రాలిన కాయలు ఊడ్చుకుని వస్తే అందులో సగానికి సగం మునిగేవి. సుంకమ్మ పైదాకా ఎక్కి, ఒక్కొక్కటే చూసి ఏరుకుని వస్తే దాదాపు అన్నీ తేలేవి. మూడేళ్ళలో సుంకమ్మకు మొదటి వడ్డన ఒక్కసారి కూడా రాలేదు.

ఆ ఏడు ఫాల్గుణంలో ఒక ఆదివారం. సుంకమ్మ గోతం నిండా ఏగి కాయలు తెచ్చింది. మోకాలు గీసుకుపోయి ఉంది. అన్నాల వేళకు అందరూ తొట్టి చుట్టూ చేరి చూస్తే గోతానికి గోతం పైన తేలి, తొట్టి మీద చాప పరిచినట్టుంది. అప్పుడు కదిరమ్మ, ఎన్నడూ పదిమందిలో మాట్లాడని కదిరమ్మ, ఆ కాయలను చేత్తో అటూ ఇటూ తోసి, “ఏం సుంకమ్మా, ఈసారి గాలి మూటగట్టుకోని వచ్చినావే” అంది.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. తన మాటకు అంతమంది నవ్వడం కదిరమ్మ బతుకులో అదే మొదలు. ఒంట్లోకి వెచ్చగా ఏదో పాకింది. ఇది రాయకపోతే మిగిలింది రాసి లాభం లేదు.

సుంకమ్మ కూడా మొదట నవ్వింది. “గాలిని మూటగట్టే విద్య వచ్చుంటే మేకలు యెందుకు కాస్తానక్కా” అంది. తర్వాత వంగి తొట్టిలోంచి ఒక కాయ తీసింది. “అందురూ నవ్వుతాండారు గానీ, ఒక్కటి పగలగొట్టి చూడు. లోపల ఏముండాదో చూసి మాట్లాడు.”

“గింజను పగలగొట్టగూడదని స్వామి మాట. నీకు తెలీదా?”

ఆ మాట నిజమే. మొదట్లో వచ్చేవాళ్ళు ఏరిన గింజలు అక్కడే కొరికి తినేస్తుంటే స్వామి పెట్టిన కట్టుబాటు అది.

“తెలుసు. తెలిసే అడుగుతాండా. ఒక్కటి.”

“పొల్లును పగలగొడితే పొల్లే వస్తాది. నువ్వు చూసి ఏరుకోని రాలేకపోతే చెప్పు, చరియకు వేరేవాళ్ళను పంపిస్తా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. సుంకమ్మ చేతిలోని కాయను తొట్టిలో వేసింది. కొంగు దులుపుకుంది. పంక్తిలో విస్తరి వేసి ఉంది. దాన్ని దాటుకుని గుట్ట దిగిపోయింది. స్వామి దగ్గర అన్నం తినకుండా దిగిపోయిన మనిషి అంతకు ముందు ఎవరూ లేరు. ఆ రోజు స్వామి జ్వరంతో లోపల పడుకుని ఉన్నాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సుంకమ్మ మళ్ళీ రాలేదు. మేకలు అమ్మేసి, ఊళ్ళో చింతపండు మండీలో పనికి కుదిరిందని తెలిసింది. చైత్రంలో ఇంకొకటి జరిగింది. ఎవరో తాళ్ళు, రంపాలు తెచ్చి చరియ మీది నాలుగు ఏగి చెట్లనూ కోసుకుపోయారు. పోయి చూస్తే నాలుగు మొద్దులు, వాటి నుంచి రాళ్ళ మీదికి కారి గడ్డకట్టిన ఎర్రటి బంక. మూడో రోజు స్వామే అన్నాడు, “కదిరమ్మ కుండలో గింజ ఉండాది గదా. ఈ వానకు మొలిస్తే చాలు.” ఇక అందరి కళ్ళూ ఆ కుండ మీదే. కదిరమ్మ రోజూ పోయి ఆ కుండ మూతి తడిమి వచ్చేది.

కానీ ఆమెకు మనసులో ముల్లు ఉంది. సాకమ్మ అవ్వ ఊరుకునే మనిషి కాదు. అంట్లు తోముతూ, గిన్నెతో మాట్లాడినట్టు మాట్లాడేది. “అమ్మ పిల్లను కొట్టినా అన్నం పెట్టి కొడతాది. ఈ కాలంలో పెట్టకుండానే కొడతాండారు.” ఇంకో రోజు, “మాట్లాడనోళ్ళు మాట్లాడితే వానొస్తాదంటారు. రాళ్ళ వాన గూడా వస్తాది” అనేది. కదిరమ్మ వినీ విననట్టు పోయేది. ఇంటికి పోయి, తను అన్నదాంట్లో తప్పు ఏముందని వెతుక్కునేది. పనికిరానిది పనికిరాదని అన్నాను, అంతే కదా అనుకునేది. ఆ మాట స్వామి నోటితో కూడా వింటే ముల్లు ఊడిపోతుందని అనుకుంది.

వైశాఖంలో ఒక సాయంత్రం. ఎండ ఇంకా గుట్ట నెత్తిన ఉంది. కదిరమ్మ స్వామి స్నానానికి పెరట్లో బాన పెట్టి నీళ్ళు కాగబెడుతూ ఉంది. స్వామి కాస్త దూరంలో రాతి అరుగు మీద కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరించుకుంటున్నాడు. కదిరమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, అటు తిరగకుండానే అడిగింది.

“స్వామీ, ఒక మాట. పదిమంది చేసే పనిలో పొల్లు తెచ్చే మనిషిని పొమ్మంటే తప్పవుతాదా?”

స్వామి కత్తిరించిన వక్క నోట్లో వేసుకున్నాడు. కదిరమ్మ పక్కనున్న గోతంలోంచి గుప్పెడు తీసి పొయ్యిలో వేసింది. మంట లేచింది. లోపల టప్పుమని ఒకటి పేలింది. ఆ వెనక రెండు, మూడు, వరసగా.

“ఏమ్మా, పేలాలు వేయిస్తాండావా?”

“కాదు స్వామీ, ఏగి పొల్లు. తొట్టిలో తేలినవి ఎండబెట్టి పెట్టుకుంటా. పొయ్యి రాజుకునేదానికి బాగుంటాయి. ఈ గోతం ఈ పొద్దుతో అయిపోతాది.”

స్వామి నమలడం ఆపేశాడు.

“పొల్లు పేలుతాదా?”

కదిరమ్మ చెయ్యి గోతంలోనే ఉండిపోయింది. పొయ్యిలో ఇంకొకటి పేలింది. లోపల పప్పు ఉన్న గింజే మంటకు పేలుతుంది, ఊక పేలదు. నాయన ఇంట్లో చిన్నప్పటి నుంచి పేలాలు వేయించిన మనిషికి అది ఒకరు చెప్పాలా. మూడేళ్ళుగా ఆ చప్పుడు వింటూనే ఉంది. పొయ్యిలో వేసేవాటికి పెట్టిన పేరు పొల్లు కాబట్టి చెవికి అది చప్పుడుగా వినబడిందే గాని మాటగా వినబడలేదు. ఆమె పొయ్యిలోకి చెయ్యి పెట్టబోయింది.

“కాల్చుకోవద్దు. అవి పోయినాయి. గోతంలో ఏమన్నా మిగిలినాయా చూడు.”

గోతం బోర్లించింది. కుట్టు సందుల్లో ఇరుక్కుని తొమ్మిది కాయలు ఉన్నాయి. కింద రాలిన పొట్టును కూడా వెతికింది. తొమ్మిదే.

“ఇంగ నీ కుండ తే.”

కదిరమ్మ గింజల ఇంటికి పోయింది. కుండ తెచ్చి అరుగు ముందు పెట్టి, పేడ మెత్తు పగలగొట్టి, గుడ్డ విప్పింది. స్వామి తన అడకత్తెర ఆమె చేతికి ఇచ్చాడు.

“కత్తిరించు.”

“గింజ పగలగొట్టగూడదని మీరే...”

“చెప్పినా. నేను చెప్పిన మాట గూడా ఒకటి పుచ్చు పట్టింది. కత్తిరించు.”

కుండలోంచి ఒక కాయ తీసి, బొడిపె దగ్గర అడకత్తెర పెట్టి నొక్కింది. లోపల నుంచి పసుపులాంటి పొడి రాలింది. రెండోది కత్తిరించింది, పొడి. మూడోదానిలో పొడితో పాటు ఎండిన పురుగు పొట్టు. పది కత్తిరించింది. పదిలోనూ పప్పు లేదు. అప్పుడు కత్తిరించని కాయ ఒకటి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. బొడిపె పక్కన, రెక్క మొదట్లో, సూది గుచ్చినంత రంధ్రం. ఇంకొకటి చూసింది, దానికీ ఉంది. కుండలో చెయ్యి పెట్టి గుప్పెళ్ళు గుప్పెళ్ళు తీసి చూసుకుంటూ పోయింది.

స్వామి ఆపలేదు. చాలాసేపటికి, “ఇప్పుడు ఆ తొమ్మిదిలో ఒకటి” అన్నాడు.

“తొమ్మిదే ఉండాయి స్వామీ. చెట్లు గూడా లేవు.”

“తెలుసుకోవల్లంటే ఒకటి పోతాది.”

కదిరమ్మ తొమ్మిదింటినీ అరచేతిలో పరచుకుంది. ఏది తీయాలో తెలియలేదు. కళ్ళు మూసుకుని ఒకటి తీసి కత్తిరించింది. కత్తెర సగంలో ఆగింది, లోపల గట్టిగా తగిలింది. ఇంకొంచెం నొక్కితే ఎర్రటి పల్చని తోలు కింద తెల్లటి పప్పు, వంకరగా, చిక్కుడు గింజకు చెల్లెలిలాగ. తెగిన చోట తడిగా మెరిసింది.

ఆ తర్వాత ఎవరూ విడమరిచి చెప్పే పని లేకపోయింది. కదిరమ్మకు తనంతట తనకే ఒకదాని వెంట ఒకటి అర్థమవుతూ వచ్చింది. ఏగి కాయ బొడిపెలో గాలి ఉంటుంది, మంచి కాయ తేలుతుంది. పురుగు తొలిచినదానికి రంధ్రం ఉంటుంది, ఆ రంధ్రంలోంచి నీళ్ళు పోతాయి, పుచ్చు కాయ మునుగుతుంది. చరియ కింద ఊడ్చుకొచ్చినవాళ్ళ సంచిలో పుచ్చులు, అందుకే అవి మునిగాయి, అందుకే వాళ్ళకు మొదటి వడ్డన. పైదాకా ఎక్కి ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి, రంధ్రం లేనిది చూసి ఏరుకొచ్చిన మనిషికి గాలి మూట. ఒక్కటి పగలగొట్టి చూడు అని సుంకమ్మ అడిగింది. ఆ ఒక్కటి ఆ రోజు పగలగొట్టి ఉంటే గోతానికి గోతం గింజ ఈ రోజు కుండలో ఉండేది. చెట్లు పోయినా తోపు ఉండేది.

బాన కింద మంట ఆరిపోయింది. స్వామి ఆ బాన వైపు చూశాడు.

“మూడేండ్లు,” అన్నాడు. “మూడేండ్లు ఒక అడవిని కాలబెట్టుకోని నీళ్ళు పోసుకున్నా.”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కదిరమ్మకు ఎంతో నయంగా ఉండేది. ఆ రోజు ఆయన స్నానం చేయలేదు. కాగిన నీళ్ళు అట్లే బానలో చల్లారిపోయాయి. సాకమ్మ అవ్వ వచ్చి, కత్తిరించిన కాయలూ పొడీ చూసి, ఏదో అనబోయి, కదిరమ్మ ముఖం చూసి, వెనక్కు పోయింది.

కదిరమ్మ చాలాసేపు నేల మీదే కూర్చుంది. చివరికి అడిగింది, “స్వామీ, నేనడిగిన మాటకు మీరేం చెప్పలేదు.”

“నీళ్ళది తప్పు లేదమ్మా. వడ్లను అడగాల్సిన మాట నువ్వు ఏగిని అడిగినావు.”

“ఇప్పుడేం చేసేది?”

స్వామి లేచాడు. చేతికర్ర వెతుక్కున్నాడు. గుట్ట నెత్తిన ఎండ కూడా దిగిపోతోంది. రెండు అడుగులు వేసి, వెనక్కు తిరగకుండా అన్నాడు, “ఎనిమిదుండాయి గదా. ఎవరి చేత పెట్టిస్తావు?”

మరుసటి రోజు పొద్దున కదిరమ్మ ఆ ఎనిమిదింటినీ కొంగు చివర ముడి వేసుకుని ఊళ్ళోకి పోయింది. చింతపండు మండీ పొడుగాటి రేకుల కొట్టం. ముప్పై, ముప్పై ఐదు మంది ఆడవాళ్ళు రెండు వరసలుగా కూర్చుని, రాతి పలకల మీద చింతకాయ పెట్టి, చెక్క గూటాలతో కొట్టి గింజ తీస్తున్నారు. చప్పుడుకు మనిషి మాట మనిషికి వినబడదు. ఇంత మంది ముందుకు తనంతట తాను నడిచిపోవడం కదిరమ్మకు ఎన్నడూ అలవాటు లేదు. గడప దగ్గర ఆగింది. వెనక్కు పోదామనుకుంది. అప్పటికే సుంకమ్మ చూసేసింది.

“ఏమక్కా,” అంది సుంకమ్మ, గూటం ఆపకుండా. “ఈడ గూడా పొల్లు ఏరేకి వచ్చినావా?”

ఆ పక్క ఈ పక్క ఉన్నవాళ్ళు నవ్వారు. కదిరమ్మ ఆ నవ్వు మధ్యలోంచి నడిచి పోయి, సుంకమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ రోజు గుట్ట మీద తన మాట ఎంతమందికి వినబడిందో కనీసం అంతమందికి వినబడేలా ఈ మాట కూడా చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

“నీ సంచిలో పొల్లు లేదు సుంకమ్మా. ఏనాడూ లేదు. పగలగొట్టి చూసినా. మంచివన్నీ నేను పొయ్యిలో పెట్టినా, పుచ్చువి కుండలో దాచినా.”

గూటాల చప్పుడు ఒక్కొక్కటే తగ్గింది. సుంకమ్మ గూటం ఒళ్ళో పెట్టుకుంది. “అన్నీనా?” అంది.

కదిరమ్మ కొంగు ముడి విప్పి ఎనిమిది కాయలు ఆమె ముందు పెట్టింది.

సుంకమ్మ చింతపండు అంటిన వేళ్ళను పైటకు తుడుచుకుంది. ఒక్కొక్కటే ఎత్తి, తలుపు వైపు వెలుతురుకు పెట్టి, తిప్పి చూసి, ఎడమ చేతిలో వేసుకుంటూ పోయింది. ఆ చూసే తీరు కదిరమ్మ ఇంతవరకూ చూడలేదు. ఏడు వేసుకుంది. ఎనిమిదోదాన్ని కింద పెట్టింది.

“దీంట్లోకి పురుగు పోయింది. ఈ మధ్యనే పోయినట్టుండాది.”

“యాడ?”

సుంకమ్మ గోటి కొనతో చూపించింది. కదిరమ్మకు ఏమీ కనబడలేదు.

“మేస్త్రి చూస్తాండాడు. పో అక్కా” అంది సుంకమ్మ. ఎడమ చెయ్యి ముందుకు చాపింది, ఏడు కాయలూ తీసుకోమని.

కదిరమ్మ తీసుకోలేదు. “నీ దగ్గరే ఉండనీ. వాన పడితే నీకు మనసైతే పెట్టు. లేకపోతే లేదు. నేను అడగను.”

సుంకమ్మ చెయ్యి కాసేపు అట్లే గాలిలో ఉంది. కదిరమ్మ కింద ఉన్న ఒక్క కాయను తీసుకుని లేచింది. రెండు వరసల మధ్యన నడిచి, గడప దాటి, ఎండలోకి వచ్చింది. వెనక గూటాల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ కాయను సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా దించకుండా, ఆ రంధ్రం తన కంటికి కనబడేదాకా అక్కడే నిలబడి చూసింది.